దత్తతకు నోచుకోని వీధిలో లైటు వెలగాలంటే

నవంబర్ వచ్చిందంటే ఇంగ్లండ్‌లో సాయంత్రం నాలుగున్నరకే చీకటి. ఆఫ్టర్ స్కూల్ క్లబ్ నుంచి పిల్లల్ని తీసుకుని నడిచి వస్తుంటే బిల్డర్ కొత్తగా కట్టిన మా ఎస్టేట్‌లో, అంటే ఇళ్ల కాలనీలో, మా వీధి మలుపు దగ్గర దీపపు పోల్ వెలగడం లేదు. మొదటి రోజు పట్టించుకోలేదు. వారం గడిచాక కూడా ఫోన్ టార్చ్ వేసుకుని నడవాల్సి వచ్చేసరికి కౌన్సిల్ వెబ్‌సైట్ తెరిచాను. వీధి దీపాల ఫిర్యాదు పేజీలో ఒక మ్యాప్ ఉంది, ఒక్కో పోల్‌కి ఒక్కో చుక్క. చుక్క మీద నొక్కి లైటు ఆరిపోయిందని చెబితే చాలు. మెయిన్ రోడ్డు పొడుగునా చుక్కలున్నాయి. మా వీధి మొదలయ్యే చోట ఆగిపోయాయి. పన్నెండు పోల్స్ ఉన్న వీధి, ఆ మ్యాప్‌లో ఒక్క చుక్కా లేదు.

తర్వాతి రెండు నెలల్లో నాకొచ్చిన జవాబులు ఇవి. కౌన్సిల్ వాళ్లు: "ఆ రోడ్డు ఇంకా మాది కాదు." బిల్డర్ కస్టమర్ కేర్: "మేం అన్నీ అప్పగించేశాం, మేనేజ్‌మెంట్ కంపెనీని అడగండి." ఎస్టేట్ ఉమ్మడి స్థలాలు చూసుకునే మేనేజ్‌మెంట్ కంపెనీ: "మాకు అప్పగించింది గడ్డి, పిల్లల పార్కు. లైట్లు కాదు." కరెంటు కంపెనీ: "మా కేబుల్‌లో సప్లై బాగానే ఉంది." నలుగురూ కలిసి నన్ను తిప్పుతున్నారనే అనుకున్నాను. కాగితాలన్నీ ముందేసుకుని చూశాక తేలిందేమిటంటే, నలుగురిలో ముగ్గురు చెప్పింది అక్షరాలా నిజం. ఆ నాలుగోవాడెవరో కనిపెట్టడమే ఈ వ్యవహారంలో సగం పని.

అన్‌అడాప్టెడ్ రోడ్డు అంటే దత్తత కాని రోడ్డు. మాట వింటే నవ్వొస్తుంది గానీ సంగతి అచ్చం దత్తతే. బిల్డర్ తన భూమిలో తన డబ్బుతో రోడ్డు వేస్తాడు, కాబట్టి అది పుట్టుకతో ప్రైవేటు ఆస్తి. హైవే అథారిటీ దాన్ని తనదిగా స్వీకరించిన రోజు నుంచే గుంతలైనా, దీపాలైనా ప్రజల ఖర్చుతో బాగుపడతాయి. ఆ రోజు వచ్చేదాకా పెంచి పోషించాల్సింది కన్నవాడే. హైవే అథారిటీ అంటే కౌంటీ కౌన్సిల్ ఉన్నచోట కౌంటీ, లేనిచోట అన్ని పనులూ ఒక్కటే చూసే యూనిటరీ కౌన్సిల్, మెట్రోపాలిటన్ బరో లేదా లండన్ బరో. చెత్తబండి పంపే డిస్ట్రిక్ట్ కౌన్సిల్ కాదు. మనవాళ్లు చాలామంది కౌన్సిల్ టాక్స్ బిల్లు మీద ఏ పేరుంటే వాళ్లకే రాసి నెల పోగొట్టుకుంటారు.

దత్తత పత్రం పేరు సెక్షన్ 38 ఒప్పందం. 1980 నాటి హైవేస్ చట్టంలోని సెక్షన్ అది. ఫలానా డ్రాయింగ్ ప్రకారం రోడ్డు, పేవ్‌మెంట్, డ్రైనేజీ, లైట్లు వేస్తానని బిల్డర్, అలా వేస్తే తీసుకుంటానని కౌన్సిల్ రాసుకుంటారు. బిల్డర్ మధ్యలో చేతులెత్తేస్తే మిగతా పని చేయించడానికి ఒక బాండ్ ఉంటుంది. హైదరాబాద్ చుట్టుపక్కల లేఅవుట్ వేసేవాళ్లు పనులు పూర్తయ్యేదాకా కొన్ని ప్లాట్లు తనఖా పెట్టి ఉంచుతారు చూడండి, ఈ బాండ్ దానికి తమ్ముడి వరస. రోడ్డు పని దాదాపు అయ్యాక కౌన్సిల్ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి మొదటి సర్టిఫికెట్ ఇస్తారు. అక్కడి నుంచి మెయింటెనెన్స్ పీరియడ్, మామూలుగా 12 నెలలు. ఆ ఏడాదిలో ఏది పాడైనా బిల్డరే బాగుచేయాలి. చివర్లో మళ్లీ తనిఖీ, లోపాల జాబితా, అవన్నీ సరిచేశాక ఆఖరి సర్టిఫికెట్. అప్పుడు గానీ మీ వీధికి మ్యాప్‌లో చుక్కలు రావు.

చెప్పుకోవడానికి ఏడాది, ఏడాదిన్నర పనిలా ఉంది కదా. నిజానికి ఐదేళ్లు, పదేళ్లు పట్టిన వీధులున్నాయి. ఎస్టేట్ చివరి ఫేజ్ ఇళ్లు కట్టేదాకా సిమెంటు లారీలు మీ రోడ్డు మీదే తిరగాలి, అందుకని పై తారు పొర చివరికి గానీ వేయరు. ఇంతకంటే పెద్ద చిక్కు భూమి లోపల ఉంది. రోడ్డు కింద పోయే మురుగు గొట్టాలకు వేరే దత్తత, వేరే ఒప్పందం: 1991 నాటి వాటర్ ఇండస్ట్రీ చట్టం, సెక్షన్ 104. అది నీళ్ల కంపెనీతో. ఆ గొట్టాల సంగతి తేలందే చాలా కౌన్సిళ్లు పైనున్న రోడ్డును ముట్టుకోవు, రేపు గొట్టం కోసం రోడ్డు తవ్వాల్సి వస్తే ఖర్చు తమ మీద పడుతుందని. అంటే ఎక్కడో మ్యాన్‌హోల్‌లో సరిగ్గా అతకని పైపు ఒకటి మీ వీధి లైట్లను ఏళ్ల తరబడి ఆపగలదు. ఇక మనిషి స్వభావం ఉండనే ఉంది. ఇళ్లన్నీ అమ్ముడుపోయాక ఆ సైట్ మీద బిల్డర్‌కి వచ్చే రాబడి లేదు, ఖర్చే తప్ప.

అన్నిటికంటే ముఖ్యం, సెక్షన్ 38 స్వచ్ఛందం. ఒప్పందం చేసుకోమని బిల్డర్‌ని గానీ, తీసుకోమని కౌన్సిల్‌ని గానీ ఆ సెక్షన్ బలవంతం చేయదు. అసలు దత్తతకు ఇచ్చే ఉద్దేశమే లేకుండా కట్టిన వీధులు ఇప్పుడు బోలెడు. ఇక్కడి పోటీ నియంత్రణ సంస్థ, అంటే కాంపిటీషన్ అండ్ మార్కెట్స్ అథారిటీ, 2024 ఫిబ్రవరిలో ఇళ్ల నిర్మాణ రంగం మీద నివేదిక ఇచ్చింది. 2021-22లో పదకొండు అతిపెద్ద బిల్డర్లు అమ్మిన కొత్త ఇళ్లలో 80 శాతానికి ఎస్టేట్ మేనేజ్‌మెంట్ చార్జీలు ఉన్నాయని, అవి సగటున ఏడాదికి 350 పౌండ్లని అందులో తేలింది. ఫ్రీహోల్డ్, అంటే నేలతో సహా సొంతమైన ఇల్లని సంబరపడి కొంటాం. తీరా చూస్తే అపార్ట్‌మెంట్ మెయింటెనెన్స్ లాంటిదే ఇంకో రూపంలో తగులుకుంటుంది.

మీ ఎస్టేట్ ప్లాన్ తీసి చూస్తే మూడు రకాల దారులు కలిసే ఉండొచ్చు. లోపలికి వచ్చే పెద్ద దారి సెక్షన్ 38 కింద కౌన్సిల్‌కి పోయేది. మధ్యలో చిన్న వీధులు, పార్కు పక్క బాటలు మేనేజ్‌మెంట్ కంపెనీకి పోయేవి. చివర్న నాలుగైదు ఇళ్లకు కలిపి ఉండే దారి, అంటే ప్రైవేట్ డ్రైవ్, ఆ ఇళ్లవాళ్లదే. ముగ్గురి లైట్లూ ఒకే రకం పోల్స్, ఒకే రంగు. నిలబడి చూస్తే ఏది ఎవరిదో ఎవరికీ తెలియదు.

మరి కౌన్సిల్ టాక్స్ మాటేమిటి? ప్రతి వాట్సాప్ గ్రూపులోనూ వచ్చే ప్రశ్న ఇది, కోపం న్యాయమైనదే. కానీ కౌన్సిల్ టాక్స్ పన్నే గానీ ఫలానా సేవకు కట్టే రుసుము కాదు, కాబట్టి వీధి అడాప్ట్ కాలేదని అందులో తగ్గింపు రాదు. పైగా అడాప్ట్ అయిన రోడ్డు మీద కూడా దీపాలు పెట్టి తీరాలని చట్టం లేదు. హైవేస్ చట్టం 97వ సెక్షన్ కౌన్సిల్‌కి దీపాలు పెట్టే అధికారం ఇచ్చింది, బాధ్యత పెట్టలేదు. డబ్బు ఆదా కోసం అర్ధరాత్రి దాటాక లైట్లు ఆర్పేసే కౌంటీలు ఉన్నాయి. కనుక మీ ఈమెయిల్‌లో "నేను టాక్స్ కడుతున్నాను" అన్న వాక్యం కొట్టేయండి. దాన్ని పట్టుకుని జవాబిచ్చి మిగతాది వదిలేస్తారు.

పోల్ దగ్గరికి వెళ్లి చూడండి

ఎవరికి రాయాలో తేలకముందే ఏం పాడైందో కొంత తేల్చుకోవచ్చు. వరసలో ఒక్కటే ఆరిపోతే తప్పు ఆ పోల్‌లోనే ఉండే అవకాశం ఎక్కువ: పైనున్న ఎల్‌ఈడీ, చీకటి పడిందని కనిపెట్టే ఫోటోసెల్, లేదా కింద చిన్న తలుపు వెనకున్న ఫ్యూజ్. పగలంతా వెలుగుతూ ఉంటే అదీ చాలాసార్లు ఫోటోసెల్ జబ్బే. వరసగా నాలుగైదు ఒకేసారి పోతే కేబుల్ మీద అనుమానపడాలి, ఆ పక్క ఇళ్లలోనూ కరెంటు పోయిందేమో అడగాలి. కొత్త ఎస్టేట్లకే ప్రత్యేకమైన ఇంకో రకం ఉంది. ఆ లైట్లు పాడవలేదు, అసలు ఎప్పుడూ వెలగలేదు.

ఈ చివరిది కొంచెం వివరంగా చెప్పాలి. వీధి లైట్లకు మామూలుగా మీటర్ ఉండదు. ఎన్ని లైట్లు, ఒక్కోటి ఎన్ని వాట్లు, ఎన్ని గంటలు వెలుగుతాయి అన్న జాబితాను బట్టి లెక్కగట్టి బిల్లు వేస్తారు. దీన్నే అన్‌మీటర్డ్ సప్లై అంటారు, దీనికి 2001 నుంచి వేరే నిబంధనలున్నాయి. అడాప్షన్ అయ్యాక ఆ లైట్లు కౌన్సిల్ జాబితాలోకి చేరతాయి. అంతకుముందు బిల్డరే కేబుల్ వేసిన కరెంటు కంపెనీతో కనెక్షన్ మాట్లాడుకుని, కరెంటు అమ్మే సప్లయర్‌తో తన పేరున ఖాతా తెరవాలి. ఆ ఖాతా దగ్గర పని ఆగిపోతే పోల్ నిలబడి ఉంటుంది, బల్బు ఉంటుంది, కరెంటు రాదు. "రిపేర్ చేయండి" అని ఎన్నిసార్లు రాసినా లాభం లేదు, రిపేర్ చేయడానికి పాడైందేమీ లేదు. అక్కడ అడగాల్సింది "ఈ పోల్స్‌కి సప్లై కనెక్షన్ ఏ తేదీన ఇచ్చారు, బిల్లు ఎవరి పేరున వస్తోంది?" అని.

కేబుల్ ఎవరిదో తెలుసుకోవడానికి ఒక చిన్న చిట్కా. మీ ఇంటి కరెంటు బిల్లు మీద ఎంపాన్ అని 13 అంకెల నంబర్ ఉంటుంది. మొదటి రెండంకెలు 10 నుంచి 23 మధ్య ఉంటే మీ ప్రాంతపు పెద్ద నెట్‌వర్క్ కంపెనీ. 24 లేదా అంతకంటే పైన ఉంటే మీ ఎస్టేట్ వరకు నెట్‌వర్క్ వేసుకున్న ఇండిపెండెంట్ కంపెనీ. కొత్త ఎస్టేట్లలో ఈ రెండో రకం మామూలే. ప్రతి నెలా డబ్బు కట్టే సప్లయర్‌కి ఫోన్ చేసి తిట్టడం వృథా, వాళ్లకి కేబుల్‌తో సంబంధం లేదు.

పోల్ కింద తలుపు ఊడిపోయి వైర్లు బయటికి కనిపిస్తున్నా, పోల్ ఒరిగిపోయినా మాత్రం ఇవేవీ చూడొద్దు. కరెంటు నెట్‌వర్క్ అత్యవసర నంబర్ 105కి ఫోన్ చేయండి. ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, రోడ్డు అడాప్ట్ అయిందా లేదా అని అడగరు. తలుపు తెరిచి చూద్దామనే ఉత్సాహం ఉన్న అన్నయ్యలు ప్రతి వీధిలో ఒకరుంటారు, వాళ్లని ఆపండి. లోపల ఉన్నది మెయిన్స్ కరెంటు.

కాగితాల సంచి

ఇల్లు కొన్నప్పుడు సొలిసిటర్, అంటే మన లాయర్, పంపిన లావుపాటి పీడీఎఫ్ గుర్తుందా? అప్పుడు సంతకాలు పెట్టడానికే తెరిచి ఉంటారు. ఇప్పుడు చదవండి. అందులో కాన్29 అనే సెర్చ్ ఫలితం ఉంటుంది. రెండో ప్రశ్న రోడ్ల గురించే: ఇవి ప్రజల ఖర్చుతో నిర్వహించేవా, కాకపోతే అడాప్షన్ ఒప్పందం ఉందా, దానికి బాండ్ ఉందా అని. కౌన్సిల్ ఇచ్చిన జవాబు అక్కడే రాసి ఉంటుంది. ఆ పక్కనే టీపీ1 అనే బదిలీ పత్రం. రోడ్లు అడాప్షన్ ప్రమాణాలకు తగ్గట్టు వేస్తామని, అప్పటిదాకా నిర్వహిస్తామని బిల్డర్ అందులో మీకే మాట ఇచ్చి ఉండొచ్చు. అలాంటి వాక్యం దొరికితే మీ చేతిలో ఉన్నది ఫిర్యాదు కాదు, ఒప్పంద ఉల్లంఘన. నాకు దొరికింది 43వ పేజీలో. "లైట్లతో సహా" అన్న మాట కూడా ఉంది. నాలుగోవాడెవరో నాకు ఆ పేజీలో తెలిసింది.

తర్వాత కౌన్సిల్ ప్లానింగ్ పోర్టల్‌లో మీ ఎస్టేట్ అనుమతి వెతకండి. వందల డ్రాయింగులు ఉంటాయి, ఓపిక కావాలి. వాటిలో వీధి దీపాల డ్రాయింగ్ ఉంటే అది బంగారం. ప్రతి పోల్‌కీ నంబర్, ఎత్తు, ఎక్కడ ఉండాలో అన్నీ ఉంటాయి. అనుమతికి పెట్టిన షరతులు కూడా చదవండి. జనం ఇళ్లలో చేరేలోపు రోడ్డు, లైట్లు సిద్ధంగా ఉండాలన్న షరతు ఉంటే, అది పాటించలేదని ప్లానింగ్ ఎన్‌ఫోర్స్‌మెంట్‌కి రాయొచ్చు. ఇక్కడ మాత్రం డిస్ట్రిక్ట్ కౌన్సిల్ పనికొస్తుంది.

రోడ్డు భూమి ఇప్పుడు ఎవరి పేరున ఉందో ల్యాండ్ రిజిస్ట్రీలో 7 పౌండ్లకు తెలుస్తుంది. యజమాని కంపెనీ పేరు దొరికితే కంపెనీల వివరాలు నమోదయ్యే కంపెనీస్ హౌస్‌లో ఉచితంగా చూడండి. ఒక్కో ఎస్టేట్‌కి ఒక్కో చిన్న కంపెనీ పెట్టి, పనైపోగానే మూసేసే అలవాటు కొందరికి ఉంది. మూసేస్తున్నట్టు నోటీసు కనిపిస్తే అభ్యంతరం చెప్పే వీలుంది, చెప్పండి. కంపెనీ రద్దయ్యాక మిగిలిన ఆస్తి, అంటే మీ రోడ్డు, మామూలుగా రాజు గారికి పోతుంది. వినడానికి గొప్పగా ఉంటుంది గానీ, రాజు గారి తరఫు లాయర్లు వచ్చి బల్బు మార్చరు.

ఎవరికి ఏం రాయాలి

ఒక్కొక్కరికి వాళ్లు తప్పించుకోలేని ప్రశ్న ఒకటి వేయాలి. "లైటు వెలగట్లేదు, దయచేసి చూడండి" అన్నది తప్పించుకోగలిగిన ప్రశ్న. హైవే అథారిటీలో ఈ ఒప్పందాలు చూసే టీమ్ వేరుగా ఉంటుంది, ఫిర్యాదుల ఫోన్ ఎత్తేవాళ్లకు వీటి సంగతి తెలియదు. ఆ టీమ్‌ని ఇలా అడగండి: ఈ రోడ్డుకి సెక్షన్ 38 ఒప్పందం ఉందా, ఏ తేదీది? మొదటి సర్టిఫికెట్ ఇచ్చారా? చివరి తనిఖీ లోపాల జాబితా కాపీ ఇస్తారా? బాండ్ ఇంకా అమల్లో ఉందా, ఎంత మొత్తానికి? జవాబు రాకపోతే ఇవే ప్రశ్నలు సమాచార హక్కు కింద, అంటే ఇక్కడి ఫ్రీడమ్ ఆఫ్ ఇన్ఫర్మేషన్ చట్టం కింద వేయండి. 20 పనిదినాల్లో జవాబివ్వాలి. మీ వార్డు కౌన్సిలర్‌ని కాపీలో పెట్టండి.

లోపాల జాబితా చేతికొచ్చాక బిల్డర్‌కి రాసే ఉత్తరం మారిపోతుంది. కస్టమర్ కేర్‌కి కాదు, కంపెనీ రిజిస్టర్డ్ ఆఫీసుకు రాయాలి. టీపీ1లో ఫలానా క్లాజు, కౌన్సిల్ జాబితాలో ఫలానా నంబర్ లోపం, ప్లానింగ్ డ్రాయింగ్‌లో 7వ నంబర్ పోల్. ఇంత స్పష్టంగా ఉంటే దాన్ని మేనేజ్‌మెంట్ కంపెనీ వైపు నెట్టడం కష్టం. ఒక్కరి సంతకం కంటే పది ఇళ్ల సంతకాలు మేలని వేరే చెప్పక్కర్లేదు.

సెక్షన్ 38 ఒప్పందమే లేదని కౌన్సిల్ చెబితే ఇంకో దారి ఉంది, కానీ జాగ్రత్తగా అడుగేయాలి. హైవేస్ చట్టం 219వ సెక్షన్ ప్రకారం కొత్త వీధిలో ఇళ్లు మొదలుపెట్టేముందు, రోడ్డు ఖర్చుకు సరిపడా డబ్బు గానీ హామీ గానీ కౌన్సిల్ దగ్గర పెట్టాలి. కొన్ని మినహాయింపులున్నాయి. అలా పెట్టినచోట, వీధిలో ఇళ్లు ఒక మేరకు నిండాక, రోడ్డు వైపు హద్దున్న ఇళ్ల యజమానుల్లో సగం మందికి పైగా కలిసి 229వ సెక్షన్ కింద రోడ్డు బాగుచేసి తీసుకోమని కౌన్సిల్‌ని కోరవచ్చు. కౌన్సిల్ కాదనడానికి వీల్లేదు. మెలిక ఎక్కడుందంటే, ఆ పనుల ఖర్చు నిబంధనల ప్రకారం ఆ ఇళ్ల మీదే పడుతుంది, ముందు జమచేసిన డబ్బు మేరకు అది తగ్గుతుంది. జమ చాలకపోతే తేడా మీది కావొచ్చు. ఎంత జమ ఉందో రాతపూర్వకంగా తెలిసేదాకా ఈ నోటీసు మీద సంతకాలు సేకరించకండి.

మేనేజ్‌మెంట్ కంపెనీదే బాధ్యత అని తేలితే పోరాటం ఇంకో రకం. ఏటా పంపే లెక్కల్లో లైటింగ్ పద్దు ఉందేమో చూడండి. ఉంటే వాళ్లు డబ్బు తీసుకుంటున్నట్టే. ఈ చార్జీలను ట్రిబ్యునల్‌లో ప్రశ్నించే హక్కును ఫ్రీహోల్డ్ ఇళ్లవాళ్లకు ఇచ్చే లీజ్‌హోల్డ్ అండ్ ఫ్రీహోల్డ్ రిఫార్మ్ చట్టం 2024 మేలో వచ్చింది. చట్టం పాసయినంత మాత్రాన ప్రతి భాగమూ అమల్లోకి రాదు, ఆ భాగం మొదలైందో లేదో చూసుకునే ముందడుగు వేయండి. లైటు వెలగలేదని చార్జీ కట్టడం మాత్రం ఆపకండి. మీ టీపీ1లో ఎస్టేట్ రెంట్‌చార్జ్ (ఎస్టేట్ నిర్వహణకు ఇంటి మీదే వేసిన చార్జీ) అన్న మాట ఉండి, 1925 నాటి లా ఆఫ్ ప్రాపర్టీ చట్టంలోని 121వ సెక్షన్‌ను అందులో మినహాయించకపోతే, 40 రోజుల బకాయికే మీ ఇంటి మీద లీజు సృష్టించుకునేంత దూరం వెళ్లే అధికారం వాళ్లకు ఉంటుంది. వంద పౌండ్ల పట్టుదలకు ఇల్లు అమ్ముకోవడం కష్టమైపోతుంది.

ఇదంతా ఇంగ్లండ్, వేల్స్ సంగతి. స్కాట్లాండ్‌లో రోడ్ల చట్టం వేరు, పేర్లూ వేరు.

మా మలుపు లైటు ఫిబ్రవరిలో వెలిగింది. రిజిస్టర్డ్ ఆఫీసుకు ఉత్తరం పోయిన పంతొమ్మిదో రోజున చిన్న క్రేన్ ఉన్న వ్యాన్ ఒకటి వచ్చింది. అందులోని మనిషి పైకెక్కి ఫోటోసెల్ మార్చి, దాని మీద నల్ల గుడ్డ కప్పి లైటు వెలగడం చూసి దిగాడు. ఇరవై నిమిషాల పని. ఆనందంలో టీ ఇచ్చి, వీధి చివర 11వ నంబర్ పోల్ కూడా మిణుకు మిణుకుమంటోంది, పనిలో పనిగా చూస్తారా అని అడిగాను. టీ తాగుతూ టాబ్లెట్‌లో చూశాడు. "నా జాబ్ షీట్‌లో 7 ఒక్కటే ఉందండీ" అన్నాడు. ఆ రాత్రే 11కి ఇంకో ఉత్తరం రాశాను.